ఆఫ్‌షోర్ పవర్‌బోట్ పందాలు: చిన్న క్లబ్బు తన క్లాసు నియమాలను న్యాయంగా ఎలా రాసుకోవాలి

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో, సోలెంట్ జలసంధి ఒడ్డున, ఔత్సాహికులు నడుపుకునే పవర్‌బోట్ పందాల్లో పడవలను తూచి, కొలిచి, తనిఖీ చేసే పని నాది. ఈ పని మొదలుపెట్టినప్పటి నుంచి నన్ను అడిగేవారందరూ తిప్పి తిప్పి అడిగేది ఒక్కటే: "మా దగ్గర ఎనిమిదో పదో పడవలున్నాయి, ఏ రెండూ ఒకేలా లేవు, ఒకరి ఇంజను పెద్దది, ఇంకొకరి పడవ తేలికది, అందరూ కలిసి పందెం వేసుకుని, ఓడినవాడు కూడా ఇది సరైన ఫలితమే అని ఒప్పుకునేలా నియమాలు ఎలా రాసుకోవాలి?" 2018 నవంబరులో విజయవాడ దగ్గర కృష్ణా నదిలో ఫార్ములా వన్ పవర్‌బోట్ పోటీ జరిగిన తరువాత తెలుగువారు కూడా ఇదే ప్రశ్న అడగడం మొదలుపెట్టారు. వారికి ముందుగా ఒక మాట చెప్పాలి: అవి నిశ్చలమైన నీటి మీద, చిన్న చుట్టులో తిరిగే జంట హల్ పడవలు (హల్ అంటే నీటిలో తేలే పడవ మొండెం). ఆఫ్‌షోర్ అంటే అలలు, ఆటుపోట్లు, గాలి ఉన్న సముద్రం. ఆ ఫార్ములా వన్ నియమాల పుస్తకాన్ని ఆఫ్‌షోర్‌కు తెచ్చి పెట్టుకుంటే పని జరగదు.

ఈ వ్యాసంలో చెప్పే పద్ధతి అంతా ఒకే సూత్రం మీద నిలబడి ఉంది. పందెం ముగిసిన గంటలోపు, రేవుగట్టు మీద, మీ దగ్గర ఉన్న పనిముట్లతో కొలవలేని దేనినీ నియమంగా రాయకండి. కొలవలేని నియమం నిజాయితీపరుడిని మాత్రమే కట్టిపడేస్తుంది. దాన్ని తప్పించుకున్నవాడు గెలుస్తాడు, పాటించినవాడు మరుసటి ఏడాది పడవ అమ్ముకుంటాడు.

ముందుగా సమకూర్చుకోవలసినవి

ముందు కావలసినవి పనిముట్లు. కనీసం 2 టన్నులు మోసే క్రేన్ తూకం, రెండు ఎత్తుడు పట్టీలు, 2 మీటర్ల తిన్నని అల్యూమినియం బద్ద, డిజిటల్ కోణమాపకం, ఉక్కు టేపు, తీగతో బిగించే సీసపు సీళ్ళు, సెకనుకు 10 సార్లు స్థానాన్ని నమోదు చేసే జీపీఎస్ లాగర్లు (పడవకు ఒకటి చొప్పున), ఇంధన నమూనాలకు మూతలు గట్టిగా పడే సీసాలు ఉండాలి. ఇవన్నీ ఒకేసారి కొనక్కరలేదు. అయితే ఏది లేకపోతే దానికి సంబంధించిన నియమాన్ని ఆ ఏడాదికి పక్కన పెట్టండి.

తరువాత మనుషులు. కొలతలు తీసేవారు కనీసం ముగ్గురు కావాలి, వారెవరూ ఆ క్లాసులో, అంటే ఒకే నియమాల కింద కలిసి పోటీపడే ఆ పడవల వర్గంలో, పోటీ చేయకూడదు. పోటీదారుడే కొలతలు తీస్తే కంచె చేను మేసిందన్న మాట తప్పదు. అతడు నిజంగా ఏ తప్పూ చేయకపోయినా ఆ మాట పడుతుంది, ఫలితం మీద నమ్మకం పోతుంది. చిన్న క్లబ్బులో మనుషులు దొరకకపోతే పక్క క్లబ్బుతో ఒప్పందం చేసుకోండి: వారి పడవలను మీరు, మీ పడవలను వారు కొలవవచ్చు.

మూడవది అనుమతి, బీమా. అంతర్జాతీయ మోటార్ నౌకా సమాఖ్య, అంటే 1922లో ఏర్పడి ఇప్పుడు మొనాకో కేంద్రంగా పనిచేస్తున్న యూఐఎం, ఈ క్రీడకు ప్రపంచ సంస్థ. మీ దేశంలో దానికి అనుబంధంగా ఉన్న సంస్థతోనూ, మీ రేవు అధికారులతోనూ, బీమా సంస్థతోనూ మాట్లాడకుండా ఒక్క నియమం కూడా అచ్చు వేయకండి.

1. ముందు ఉన్న పడవల జాబితా రాయండి

నియమాలు రాసేవారు ఎక్కువగా చేసే మొదటి పొరపాటు, తమ ఊహలో ఉన్న పడవకు నియమాలు రాయడం. అలా చేయకుండా, మీ రేవులో నిజంగా ఉన్న ప్రతి పడవకూ ఒక పేజీ కేటాయించి, దాని పొడవు, హల్ రకం, అడుగు వాలు (పడవ అడుగు మధ్య నుంచి పక్కలకు ఎంత కోణంలో లేస్తుందో), ఇంజను కంపెనీ, మోడల్, లీటర్లలో పరిమాణం, గేరు నిష్పత్తి (ప్రొపెల్లరు ఒక చుట్టు తిరగడానికి ఇంజను ఎన్ని చుట్లు తిరగాలో), ఖాళీ బరువు, ప్రశాంతమైన నీటిలో ఎదురు ప్రవాహంలోనూ వాలు ప్రవాహంలోనూ నమోదైన అత్యధిక వేగం రాసుకోండి. పది పడవలకు ఈ పని రెండు వారాంతాల్లో అయిపోతుంది. జాబితా చేతికి వచ్చాక చాలా వివాదాలు రాకముందే సద్దుమణుగుతాయి, ఎందుకంటే "అతని పడవ నాకన్నా రెండు వందల కిలోలు తేలిక" లాంటి పుకార్లలో సగం తూకం ముందు నిలబడవు.

2. ఏ రకం క్లాసు కావాలో ఎంచుకోండి

దారులు నాలుగు. మొదటిది ఏకరూప క్లాసు: అందరికీ ఒకే హల్, ఒకే ఇంజను. 28 అడుగుల పాంథర్ పడవలతో, 250 హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్ ఇంజన్లతో (పడవ వెనక బయట తగిలించేవి) నడిచిన పీ1 సూపర్‌స్టాక్ పోటీ ఇలాంటిదే. 2017 మార్చిలో ముంబై మెరైన్ డ్రైవ్ ముందు సముద్రంలో జరిగింది కూడా ఈ తరహా పోటీయే. న్యాయం విషయంలో దీనికి సాటి లేదు. అయితే అందరూ కొత్త పడవ కొనాలి కాబట్టి మీ ఎనిమిది పడవల క్లబ్బుకు ఇది పనికిరాకపోవచ్చు.

రెండవది హద్దుల క్లాసు. కనీస పొడవు, కనీస బరువు, ఇంజనుకు గరిష్ఠ పరిమాణం చెప్పి, ఆ హద్దుల లోపల ఎవరికి నచ్చిన పడవను వారు తెచ్చుకోనివ్వడం దీని పద్ధతి. మూడవది వేగ పరిమితి క్లాసు. ఇందులో పడవ ఎలా ఉన్నా జీపీఎస్‌లో గంటకు ఇన్ని మైళ్ళు దాటకూడదు. నాలుగవది కాల సవరణ, అంటే నెమ్మది పడవకు ముందుగా కొన్ని నిమిషాలు ఇవ్వడం.

నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. రకరకాల పడవలున్న కొత్త క్లబ్బు మొదటి రెండేళ్ళు వేగ పరిమితి క్లాసుతో మొదలుపెట్టాలి, ఆ అనుభవంతో హద్దుల క్లాసుకు మారాలి. కాల సవరణను నేను ఎవరికీ సలహా ఇవ్వను. ప్రశాంతమైన రోజున లెక్కగట్టిన నిమిషాలు అలలు లేచిన రోజున తలకిందులవుతాయి: అడుగు లోతైన వీ ఆకారంలో ఉన్న బరువైన పడవ అలల్లోనూ దాదాపు తన వేగంతోనే పోతుంది, తేలికైన పడవ మాత్రం సగానికి తగ్గించుకోవలసి వస్తుంది.

యూఐఎం పుస్తకంలో ఇప్పటికే ఉన్న క్లాసు ఏదైనా మీ జాబితాలోని పడవలకు సరిపోతే, కొత్తగా ఏమీ రాయకండి. దాన్నే తీసుకోండి. ఏళ్ళ తరబడి పోటీదారులు సందులు వెతికి, అధికారులు పూడ్చుకుంటూ వచ్చిన పాఠం అది.

3. నిషేధించనిది అనుమతమా, అనుమతించనిది నిషేధమా?

ఈ ఒక్క వాక్యాన్ని నియమాల మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాయండి. హద్దుల క్లాసులో సాధారణంగా నిషేధించనిదంతా అనుమతమే. ఏకరూప క్లాసులో, ఇంజనును ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంచాలనే క్లాసులో, స్పష్టంగా అనుమతించనిదంతా నిషేధమే. రెండింటినీ కలిపితే ప్రతి పందెం తరువాత తగాదా ఖాయం. హల్‌కు ఒక రకం, ఇంజనుకు ఒక రకం పెట్టుకోవచ్చు, అయితే ఏది ఏ భాగానికి వర్తిస్తుందో వాక్యంలో చెప్పాలి.

4. బరువు నియమాన్ని రాయండి, అన్నింటికన్నా ఎక్కువ శ్రద్ధ దీనిమీదే పెట్టండి

ఒక సీజనులో నేను చూసిన క్లబ్బు నియమంలో "పడవ బరువు 1,100 కిలోలకు తగ్గకూడదు" అని మాత్రమే ఉంది. ఆఖరి పందేనికి ముందు ఒక పడవ 1,118 కిలోలు తూగింది. పందెం గెలిచి వచ్చాక 1,071 తూగింది. ఆ తేడా 47 కిలోలు కేవలం పెట్రోలు. లీటరు పెట్రోలు సుమారు 0.74 కిలోలు ఉంటుంది కాబట్టి దాదాపు 63 లీటర్లు ఖర్చయిందన్న మాట. తూచేది పందేనికి ముందా తరువాతా, ఇంధనంతోనా ఇంధనం లేకుండానా అని నియమంలో లేదు. చీకటి పడేదాకా వాదించుకున్నారు, చివరికి గొంతు పెద్దదైనవారి మాట నెగ్గింది. నడిపినవాళ్ళు మోసం చేయలేదు. నియమం రాసినవారి నిర్లక్ష్యం వారిని మోసగాళ్ళలా నిలబెట్టింది. ఆ సాయంత్రం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అందుకని బరువు నియమంలో ఈ విషయాలన్నీ ఉండాలి: తూకం పందెం ముగిశాకే, ట్యాంకులో మిగిలిన ఇంధనంతో సహా, ఏమీ నింపకుండా, అడుగున చేరిన నీటినీ, బరువు కోసం నింపే బ్యాలస్ట్ ట్యాంకు నీటినీ పూర్తిగా తోడేసి, సిబ్బంది లేకుండా, లేదా సిబ్బంది హెల్మెట్, లైఫ్‌జాకెట్‌తో సహా. ఈ చివరి రెండింటిలో సిబ్బందితో సహా తూచడమే న్యాయం. లేకపోతే సన్నగా ఉన్నవారికి నియమమే బహుమతి ఇచ్చినట్టవుతుంది, లావుగా ఉన్నవారు ఉపవాసాలు మొదలుపెడతారు.

బరువు తగ్గిన పడవకు దిద్దుబాటు దిమ్మెలు పెట్టుకోనివ్వండి. వాటిని పడవ చట్రానికి బోల్టులతో బిగించాలి, బోల్టుకు మీ సీలు ఉండాలి. ఇసుక బస్తాలు, నీళ్ళ డబ్బాలు వద్దు. అల తాకినప్పుడు కదిలే బరువు మనిషి కాలు విరగ్గొడుతుంది.

కనీస బరువును ఎక్కడ పెట్టాలన్నది డబ్బుతోనూ భద్రతతోనూ ముడిపడిన నిర్ణయం. మీ జాబితాలోని అతి తేలికైన పడవ బరువును కనీసంగా పెడితే, మిగిలినవారందరూ దాన్ని అందుకోవడానికి బల్లలు, పక్కటెముకలు పలచన చేయించుకుంటారు. జాబితాలో మధ్యస్థంగా ఉన్న పడవ బరువును, భద్రతా పరికరాలన్నీ ఎక్కించిన తరువాత తూచి, దానినే కనీసంగా పెట్టండి. అప్పుడు అదనపు మంటలార్పే సిలిండరు పెట్టుకున్నవాడు నష్టపోడు. తేలికైన పడవవాడు దిమ్మెలు మోస్తాడు, అంతే.

క్రేన్ లేని రేవులో ట్రెయిలరుతో సహా లారీల వేబ్రిడ్జి మీద తూచి, ఖాళీ ట్రెయిలరు బరువు తీసివేయవచ్చు. అయితే వేబ్రిడ్జీలు సాధారణంగా 10 లేక 20 కిలోల మెట్లలో మాత్రమే చూపిస్తాయి. రెండుసార్లు తూచినప్పుడు రెండు పొరపాట్లూ కలుస్తాయి. కాబట్టి అక్కడ కనీసం 40 కిలోల సడలింపు ఇవ్వక తప్పదు.

5. ఇంజను: స్టిక్కరు మీది హార్స్‌పవర్‌ను నమ్మకండి

"150 హార్స్‌పవర్ క్లాసు" అని రాస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. మెర్క్యురీ 150 ఫోర్‌స్ట్రోక్ 3.0 లీటర్ల ఇంజను, సుజుకి డీఎఫ్150 దాదాపు 2.9 లీటర్లు, హోండా బీఎఫ్150 దాదాపు 2.4 లీటర్లు. గేరు నిష్పత్తులు చూస్తే మెర్క్యురీకి 1.92, హోండాకు 2.14, సుజుకికి 2.50. మూడింటి మీదా అంకె 150. అయినా అలల మీద నుంచి గాలిలోకి లేచి, నీళ్ళలో పడి, మళ్ళీ వేగం అందుకునేటప్పుడు ఇవి మూడూ మూడు రకాలుగా ప్రవర్తిస్తాయి. లీటర్లను బట్టి హద్దు పెడితే పెద్ద ఇంజనును ఒత్తిడి లేకుండా నడిపేవారికి అన్యాయం. స్టిక్కరును బట్టి పెడితే చిన్న ఇంజనువారికి అన్యాయం.

నేను సూచించేది ఇది: మోడల్ పేర్లతో ఒక జాబితా అచ్చు వేయండి. ఆ జాబితాలోని ఇంజన్లే అనుమతం, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన స్థితిలోనే అనుమతం. కొత్త మోడల్‌ను చేర్చడం ఏడాదికి ఒక్కసారే, సీజను ముగిసిన తరువాతే. ఇంజను మూత కింద ఫ్లైవీల్ కవరు, సిలిండరు హెడ్డు, ఈసీయూ (ఇంజనును నియంత్రించే చిన్న కంప్యూటరు) బోల్టులకు సీసపు సీళ్ళు వేసి, సీలు అంకెలను పడవ పేజీలో రాసుకోండి.

ఆధునిక అవుట్‌బోర్డ్ ఇంజన్లలో ఈసీయూ ఎన్ని గంటలు ఏ ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) మధ్య నడిచిందో దాచి ఉంచుతుంది. డీలరు దగ్గరి డయాగ్నొస్టిక్ సాఫ్ట్‌వేర్‌తో దాన్ని చదవవచ్చు. మెర్క్యురీ 150కి కంపెనీ చెప్పే పూర్తి థ్రాటిల్ పరిధి 5,000 నుంచి 5,800 ఆర్‌పీఎం. గ్రాఫులో అంతకన్నా పైన గంటల కొద్దీ కనిపిస్తే, ఆ ఇంజను పరిమితిని ఎవరో మార్చారేమో అడగవలసిన సమయం వచ్చింది. సీజనుకు రెండుసార్లు, చీటీలు తీసి ఎంచిన మూడు పడవలకు ఇలా చదివించండి. అందరికీ ప్రతిసారీ చేయక్కరలేదు.

6. ప్రొపెల్లరు, ఇంజను ఎత్తు

ఇక్కడే మొదటి సూత్రం గట్టిగా గుర్తు పెట్టుకోవాలి. ప్రొపెల్లరు పిచ్‌ను, అంటే జారుడు లేకుండా ఒక చుట్టులో అది ముందుకు పోయే దూరాన్ని, రేవుగట్టు మీద సరిగ్గా కొలవలేరు. రెక్క అంచుకు చేసిన వంపు, ప్రొపెల్లరు మీద ఉన్న అంకె చెప్పని అదనపు పిచ్‌ను ఇస్తుంది. అందుచేత "21 అంగుళాల పిచ్ మాత్రమే" అనే నియమం రాయకండి. సీజనుకు రెండు ప్రొపెల్లర్లు మాత్రమే అని రాసి, రెండింటికీ గుర్తు పొడిచి వదిలేయండి. ఖర్చు అదుపులో ఉంటుంది, తగాదా ఉండదు.

ఇంజను ఎత్తు దీనికి పూర్తిగా వ్యతిరేకం. అది వేగాన్ని చాలా మారుస్తుంది, పైగా సులభంగా కొలవవచ్చు. పడవను స్టాండు మీద పెట్టి, కీలు (పడవ అడుగు నడిమి గీత) వెంట తిన్నని బద్దను వెనక్కి పొడిగించి పట్టుకుని, ప్రొపెల్లరు షాఫ్టు ఆ బద్దకు సమాంతరంగా ఉండేలా ట్రిమ్ (ఇంజను వాలు) సర్ది, బద్ద నుంచి షాఫ్టు నడిమి దాకా కొలవండి. ఎన్ని మిల్లీమీటర్లకు తక్కువ కాకూడదో మీ పడవల సగటు చూసి నిర్ణయించండి. నడుస్తుండగా ఇంజనును పైకి కిందికి కదిలించే జాక్‌ప్లేట్లను మొదటి ఏళ్ళలో నిషేధించడమే మంచిది. కదిలేదానికి కొలత ఉండదు.

7. హల్

ఒంటి హల్ పడవలనూ జంట హల్ పడవలనూ ఒకే క్లాసులో పెట్టకండి. రెండు హల్‌ల మధ్య గాలి దూరి పడవను ఎత్తుతుంది, ఆ సాయానికి సరితూగే బరువు లెక్క ఏదీ అన్ని వాతావరణాల్లో నిలబడదు. హల్ ఆకారం ఎంత తేడా తెస్తుందో ఈ క్రీడ తొలినాళ్ళలోనే తెలిసింది: 1960 మయామీ నుంచి నాసావ్ పందెంలో రే హంట్ గీసిన లోతైన వీ హల్‌తో డిక్ బెర్ట్రామ్ పడవ 'మాపీ' అలలు లేచిన సముద్రంలో దాదాపు 8 గంటల్లో చేరుకుంది, మిగిలినవాటిలో చాలా వరకు మరుసటి రోజుకు గాని రాలేదు. పొడవు, హార్స్‌పవర్ మాత్రమే చూసే నియమం ఆ తేడాను పట్టుకోగలిగేది కాదు.

పొడవును కొలిచేటప్పుడు విడదీయగల మెట్లు, ఇంజను బ్రాకెట్లు, అవుట్‌బోర్డ్ ఇంజను లెక్కలోకి రావని రాయండి. పడవల కొలతల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8666 కూడా హల్ పొడవును ఇలాగే చూస్తుంది. అడుగు వాలును ట్రాన్సమ్ (పడవ వెనక గోడ) దగ్గర కోణమాపకంతో కీలుకు రెండు వైపులా కొలిచి సగటు తీయండి. హల్ అడుగున అడ్డంగా మలిచిన మెట్లు ఉన్న పడవలకూ లేని పడవలకూ వేరే కనీస బరువు పెట్టాలా అన్నది మీ జాబితా చూసి తేల్చుకోండి. ఒకటే మెట్ల పడవ ఉంటే దాని కోసం నియమం రాయకండి, దాని యజమానితో మాట్లాడండి.

8. వేగ పరిమితి క్లాసు పెట్టుకున్నవారికి

లాగరు క్లబ్బుది కావాలి, పందేనికి ముందు మీరే బిగించి సీలు వేయాలి, ముగిశాక మీరే తీయాలి. పోటీదారుడి ఫోనును సాక్ష్యంగా తీసుకోకండి.

ఒక్క అంకె హద్దు దాటగానే శిక్ష వేయకండి. పడవ అల మీద నుంచి ఎగిరినప్పుడు జీపీఎస్ ఒక క్షణం తప్పు చూపించవచ్చు. "వరుసగా 5 సెకన్ల సగటు వేగం హద్దు దాటితే ఉల్లంఘన" అని రాయండి.

శిక్ష ఎంతో లెక్కగట్టండి. 60 మైళ్ళ హద్దు ఉన్న క్లాసులో ఒకరు రెండు నిమిషాల పాటు 63 మైళ్ళ వేగంతో పోతే అదనంగా 0.1 మైలు ముందుకు వెళతారు; 60 మైళ్ళ వేగంలో దాని విలువ 6 సెకన్లు. 5 సెకన్ల జరిమానా వేస్తే ఉల్లంఘించడమే లాభం. ప్రతి ఉల్లంఘనకు ఒక నిమిషం అంటే ఎవరూ ఆ దారి పట్టరు.

జీపీఎస్ చూపేది నేల మీద వేగం, నీటి మీద వేగం కాదు. సోలెంట్ పడమటి చివర హర్స్ట్ ఇరుకులో పెద్ద పోట్ల రోజుల్లో ప్రవాహం 4 నాట్లు దాటుతుంది. 3 నాట్ల ప్రవాహం కలిసి వస్తే, అంటే గంటకు దాదాపు 3.5 మైళ్ళు, 56.5 మైళ్ళు మాత్రమే పోగల పడవ కూడా 60 అందుకుంటుంది. ఎదురు వచ్చేటప్పుడు మాత్రం బలమైన పడవకే 60 సాధ్యం. అందుకే బలమైన పడవవారు ఎదురు ప్రవాహపు దారిని ఇష్టపడతారు. పందెపు దారిలో రెండు దిశల దూరం సమానంగా ఉండేలా గీయండి, వీలైతే ప్రవాహం మందగించే వేళకు ఆరంభం పెట్టండి.

9. ఇంధనం, భద్రత

బంకులో అమ్మే పెట్రోలు మాత్రమే అని రాయండి. పందెం తరువాత మూడు సీసాల నమూనా తీసి సీలు వేసి, ఒకటి పోటీదారుడికి, ఒకటి మీకు, ఒకటి వివాదం వస్తే ప్రయోగశాలకు ఉంచండి. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి సాధారణ పెట్రోలులో 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఇతర దేశాల్లో వేరే శాతాలున్నాయి. కాబట్టి ఏ రకం బంకు పెట్రోలో పేరుతో చెప్పండి. నమూనాలు తీసేచోట సిగరెట్టు, ఫోను, ఎలక్ట్రిక్ పంపు ఏదీ ఉండకూడదు, మంటలార్పే సిలిండరు చేతికందేంత దూరంలో ఉండాలి.

భద్రతా నియమాలను క్లాసు నియమాల్లో కలపకండి, వేరే పత్రంగా ఉంచండి. కిల్‌కార్డు (నడిపేవాడు పడిపోతే ఇంజనును ఆపే తాడు), లైఫ్‌జాకెట్, హెల్మెట్, మూసిన కాక్‌పిట్ ఉన్న పడవలకు తలకిందులైనప్పుడు బయటపడే శిక్షణ, ఇవి బేరానికి వచ్చే విషయాలు కావు. క్లాసు నియమాలను సభ్యులు ఓటు వేసి మార్చుకోవచ్చు, వీటిని మార్చుకోకూడదు.

10. ఫిర్యాదు ఎలా చేయాలో రాయండి

ఫలితాలు గోడకు అతికించిన గంటలోపు, రాతపూర్వకంగా, నియమం అంకె పేర్కొంటూ, చిన్న రుసుముతో ఫిర్యాదు ఇవ్వాలి. నిజమని తేలితే రుసుము తిరిగి ఇవ్వాలి. తీర్పు ముగ్గురి సంతకాలతో రాతలో ఉండాలి, అందరికీ కనిపించాలి. సీజను మధ్యలో నియమం మార్చకండి, అది ఎంత తప్పుగా అనిపించినా సరే. అప్పటిదాకా గెలిచినవారు ఆ నియమాన్ని నమ్మి డబ్బు ఖర్చు పెట్టారు. ప్రాణాపాయం ఉన్నప్పుడు మాత్రమే దీనికి మినహాయింపు.

తరచుగా జరిగే పొరపాట్లు

తూకాన్ని నమ్మి తూకాన్ని పరీక్షించకపోవడం మొదటిది. ఇరవై లీటర్ల నీటి డబ్బాలు పది తెచ్చి, ఖాళీ డబ్బాల బరువు విడిగా తూచి, నింపి వేలాడదీయండి. నీరు 200 కిలోలు చూపాలి. ప్రతి పందెం రోజు ఉదయం ఇది చేయండి, పోటీదారులు చూస్తుండగా చేయండి.

రెండవది, సడలింపును ఊహించి రాయడం. ఇద్దరు వేర్వేరు తనిఖీదారులు ఒకరి అంకె ఒకరికి తెలియకుండా ఒకే పడవను తూచాలి. ఒకరికి 1,142, ఇంకొకరికి 1,149 వస్తే మీ కొలతలోనే 7 కిలోల అనిశ్చితి ఉంది. అలాంటప్పుడు 4 కిలోలు తక్కువగా ఉన్న పడవను అనర్హం చేసే హక్కు మీకు లేదు. పొడవు, అడుగు వాలు, ఇంజను ఎత్తు కూడా ఇలాగే పరీక్షించి, తేడాకన్నా పెద్ద సడలింపు పెట్టండి.

మూడవది, గెలిచినవాడిని ఆపడానికి నియమం రాయడం. ఒక పడవ రెండు పందేలు గెలవగానే దాని కోసం ఒక వాక్యం చేర్చాలనిపిస్తుంది. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడు. ఆ వాక్యానికి మరో సందు వెతికేవాడు వచ్చే ఏడాది వస్తాడు. ముందు ఆ గెలుపు పడవదా నడిపినవాడిదా చూడండి. రెండు పడవల సిబ్బందిని సాధన రోజున మార్చి నడిపిస్తే ఒక్క గంటలో తేలిపోతుంది, నడిపించడానికి వారు ఒప్పుకుంటే.

నియమాలు పనిచేస్తున్నాయో లేదో చూసుకోవడం

ఒక సులభమైన లెక్కతో మొదలుపెట్టండి. పిచ్ అంగుళాలను ఆర్‌పీఎంతో హెచ్చించి, గేరు నిష్పత్తిని 1,056తో హెచ్చించగా వచ్చిన దానితో భాగిస్తే, జారుడు లేనప్పటి వేగం మైళ్ళలో వస్తుంది. 21 అంగుళాల పిచ్, 5,800 ఆర్‌పీఎం, 1.92 గేరుకు ఇది దాదాపు 60 మైళ్ళు. నీటిలో ప్రొపెల్లరు ఎప్పుడూ కొంత జారుతుంది. 10 శాతం తీసివేస్తే 54 మైళ్ళు. ఈ ప్రొపెల్లరే ఉందని చెప్పిన పడవ రెండు దిశల సగటులో 63 చూపిస్తే, ప్రొపెల్లరు అంచు వంపు, గేరు నిష్పత్తి, ఆర్‌పీఎం పరిమితి మూడింటిలో ఒకటి చెప్పినట్టు లేదు. ఇది ఒక్కటే రుజువు కాదు, సీళ్ళు విప్పి చూడటానికి తగిన కారణం మాత్రం అవుతుంది. ఒక దిశ వేగం మాత్రమే చూసి ఎవరినీ అనుమానించకండి. ప్రవాహం వల్ల ఎన్నో మంచి పేర్లు అనవసరంగా చెడిపోయాయి.

సీజను ముగిశాక ప్రతి పడవ అత్యుత్తమ ల్యాపు సమయాన్ని, ప్రశాంతమైన రోజులకు ఒక వరుసలో, అలల రోజులకు ఇంకొక వరుసలో రాయండి. నేను వాడే కొండగుర్తు ఇది: పై సగం పడవలు ప్రశాంతమైన రోజున 3 శాతం లోపల ఉంటే క్లాసు బాగుంది. ఒకే రకం హల్ గాని ఒకే మోడల్ ఇంజను గాని రెండు వరుసల్లోనూ పైన నిలబడితే కనీస బరువును ఆ రకానికి 20, 30 కిలోలు పెంచే ప్రతిపాదన సిద్ధం చేయండి. ఒక వరుసలో మాత్రమే నిలబడితే దేన్నీ ముట్టుకోకండి, ఎందుకంటే వేర్వేరు సముద్రాల్లో వేర్వేరు పడవలు గెలవడమే ఆఫ్‌షోర్ పందెపు అందం.

చివరిగా, మీ నియమాల ప్రతిని ఈ క్రీడతో సంబంధం లేని, టేపు పట్టుకోవడం తెలిసిన ఒక మనిషికి ఇచ్చి, మీరు పక్కన నిలబడి మాట్లాడకుండా, ఒక పడవను మొదటి నుంచి చివరిదాకా కొలవమని అడగండి. అతడు ఎక్కడ ఆగి మీ ముఖం వైపు చూస్తాడో అక్కడ గుర్తు పెట్టుకోండి. ఆ వాక్యాలన్నీ తిరిగి రాసి, ఇంకొకరికి ఇవ్వండి.